పాయింట్‌మన్ శాంతయ్య వైర్‌లెస్ చదువు

గద్వాల స్టేషనులో పాయింట్‌మన్ శాంతయ్య పని లీవరు లాగి పట్టాలు మార్చడం, సిగ్నలు దీపాలు వెలిగించడం, గార్డుల పెట్టెలు మోయడం. వినడం అతని పనిలో లేదు. కానీ టెలిగ్రాములు కొట్టే తారుబాబు గది కిటికీ కింద కూర్చుని పన్నెండేళ్లుగా దీపాల బుడ్లు తుడుస్తున్న వాడి చెవులు ఊరుకుంటాయా? లోపల తారు మిషను కటకటలాడుతుంటే మొదట్లో అది ఉత్త చప్పుడే. పోను పోను అందులోంచి అక్షరాలు రాలడం మొదలైంది. ధరూరు క్రైస్తవ మిషన్ బడిలో అయిదో తరగతి దాకా చదివినప్పుడు పలక మీద దిద్దిన ఇంగ్లీషు అక్షరాలే అవి. మరికొన్నాళ్లకు రోజూ వచ్చే మాటల అర్థమూ, కొడుతున్నది ఎవరో కూడా తెలిసిపోయేది. వనపర్తి రోడ్డు స్టేషను బాబుది తొందర చేయి, చివరి అక్షరం మింగేస్తాడు. కర్నూలు బాబు వక్క కొరికినట్టు పొడిపొడిగా కొడతాడు.

ఈ సంగతి ఎవరికీ తెలియదు. 1937 వానాకాలంలో ఒకనాడు తారుబాబు రామచంద్రయ్య బయటికొచ్చి, "బండి నలభై నిమిషాలు లేటు" అన్నాడు.

శాంతయ్య అప్పటికే జెండా చుట్టి పక్కన పెట్టి, సజ్జరొట్టె విప్పుకొని కూర్చున్నాడు. "ఎరుకే బాబూ. దేవరకద్ర కాడ ఇంజను ఖరాబయ్యిందట గద."

"నీకెవడు చెప్పిండు?"

"మీ మిషనే చెప్పె."

రామచంద్రయ్య నవ్వుతాడనుకున్నాడు శాంతయ్య. ఆయన నవ్వలేదు. మర్నాటి నుంచి ఆ కిటికీ మూసే ఉండేది. చైత్రం ఎండల్లో చెమటలు కారుతున్నా తెరవలేదు. తారు పని నేర్పించమని శాంతయ్య ఒకసారి స్టేషన్ మాస్టరును అడిగి చూశాడు. ఆయన రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే, "మీ తాత ఏం పని చేసెటోడు?" అని అడిగాడు. "కాపుల కాడ పాలేరుగ జీతమున్నడు దొరా" అన్నాడు శాంతయ్య. "మరి నీకు సర్కారు లీవరు దొరికింది, చాలదా?" అన్నాడు మాస్టరు. మాట అంతటితో ముగిసింది.

ఆ ఏడే స్టేషనుకు బొంబాయి నుంచి ఒక చెక్కపెట్టె వచ్చింది. పల్లినూనె మిల్లులో ఇంజను చూసే వెంకోబరావుది. ఆయనది రాయచూరు, మాటలో సగం కన్నడం. పెట్టెను నెత్తిన పెట్టుకొని మిల్లు దాకా మోసినవాడు శాంతయ్యే. నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున ఇంకో పార్సిలు తీసుకుపోతే, వెంకోబరావు గదిలో బల్ల మీద రాగితీగల చుట్టలు, గాజుబుడ్లు, మిల్లు డైనమో మీద ఛార్జి చేసిన బ్యాటరీలు కనిపించాయి. ఆయన చెవులకు రెండు డొప్పలు తగిలించుకొని, పెన్సిలు పట్టుకొని, కాగితం మీద ఒక అక్షరం రాసి మూడు కొట్టేస్తున్నాడు. డొప్పల్లోంచి సన్నటి ఈల తెగి తెగి వినిపిస్తోంది.

శాంతయ్య గడప బయట నిలబడి తల వంచి విన్నాడు. తారు మిషనుది దెబ్బ, ఇది ఈల. అయినా లయ అదే. "కొలంబో పోయే పడవ గావచ్చు దొరా. గాలి ఎక్కువున్నదట, రేవుల లంగరు ఏసిండ్రట" అన్నాడు.

వెంకోబరావు డొప్పలు తీసి అతని వంక చూశాడు. "నోడప్పా, నాలుగు నెలల నుంచి తల పగలగొట్టుకుంటున్న, నాకు ఒక్క లైను చిక్కలేదు. నువ్వు బయట నిలబడి చదువుతున్నవా?"

ఆ పొద్దున్నే బేరం కుదిరింది. వెంకోబరావుకు అమెచ్యూరు వైర్‌లెస్ లైసెన్సు కావాలి. అది చేతికొస్తే ఇంట్లో కూర్చుని సొంత మిషను మీద సముద్రాల అవతలి మనుషులతో మాట్లాడొచ్చు. దానికి మద్రాసులో పరీక్ష పెడతారు. నిమిషానికి పన్నెండు మాటల వేగంతో మోర్సు అనే ఈ తారు భాష వినాలి, కొట్టాలి. అదిగాక కరెంటు గురించీ కాయిళ్ల గురించీ సర్కారు కాయిదా కానూన్ల గురించీ పేపరు రాయాలి. పేపరు సంగతి వెంకోబరావుకు మంచినీళ్లు. మోర్సే మింగుడు పడటం లేదు.

"నువ్వు నాకు చెవి నేర్పు, నేను నీకు చదువు నేర్పుత. ఇద్దరం పోయి పరీక్షకు కూర్చుందాం" అన్నాడు.

"నేను గూడనా దొరా?"

"హౌదు, నువ్వు గూడ. లైసెన్సుకు జాతేంది, జీతమేంది? వినొచ్చినోనికి ఇస్తరు."

పదిహేనేళ్ల నౌకరీలో శాంతయ్యతో అలాంటి మాట అన్నవాడు లేడు. అది గుండెల్లో నాటుకుపోయింది.

అప్పటి నుంచి డ్యూటీ లేని ఆదివారాలన్నీ మిల్లు గదిలోనే గడిచాయి. గదిలో అనడం తప్పు, గడప మీద. వెంకోబరావు డొప్పల జతను విడదీసి, ఒకదానికి పొడుగాటి తీగ కట్టి గడప దాకా వచ్చేలా చేశాడు. ఒక డొప్ప లోపల ఆయన చెవికి, ఇంకొకటి బయట శాంతయ్య చెవికి. ఒకే ఈల ఇద్దరూ వినేవారు. శాంతయ్య భార్య దేవమ్మ అదే మిల్లులో పల్లికాయ ఒలిచే కూలికి పోయేది. ఒకసారి ఆ వైభోగం చూసి ఇంటికొచ్చాక మొగుణ్ణి అడిగింది. "పాఠం జెప్పేది నువ్వు. కుర్సీల కూసున్నది ఆయన. గిదేం చదువు?"

"గడప లోపలున్నా బయటున్నా ఇనొచ్చేది ఒక్కటే గదనే" అన్నాడు శాంతయ్య.

చెవి నేర్పడం తేలికే అయింది. చదువు నేర్చుకోవడమే గండంగా ఉండేది. పుస్తకమంతా తారుల్లో రాని ఇంగ్లీషు. వెంకోబరావు ఒక్కో ప్రశ్న చదివి అర్థం చెబితే, శాంతయ్య పాత బండి కాగితాల వెనుక తెలుగులో రాసుకునేవాడు. కండెన్సరు అంటే ఏంది? కాయిలు దాన్ని కలిస్తే ఒక్క స్టేషనే ఎందుకు వినిపిస్తుంది? వారాల తరబడి అది బుర్రకెక్కలేదు. ఒకరోజు కర్నూలు ప్యాసింజరుకు లీవరు లాగుతూ ఉన్నపాటున ఆగిపోయాడు. గాలిలో వేయి బండ్లు ఒక్కసారే వస్తున్నాయి. కండెన్సరు తిప్పడమంటే పాయింటు వేయడమే. వేసిన దారిలో ఒక్క బండే యార్డులోకి వస్తుంది, మిగతావి పక్కనుంచి పోతాయి. ఆ ఆదివారం ఆ మాట చెబితే వెంకోబరావు పెన్సిలు అందుకొని, "భలే చెప్పినవ్, నేనూ గిట్లనే రాస్త" అన్నాడు. శాంతయ్య పొంగిపోయాడు.

ఇంట్లోనూ అదే గొడవ. దేవమ్మ రొట్టెలు చేస్తుంటే గంటెతో ముంత మీద కొడుతూ కూర్చునేవాడు. "ముంత సొట్టలు పడ్డది, నా తలకాయ గూడ సొట్టలు పడ్డది" అని ఆమె విసుక్కునేది. ఆమె విసుగులో కూడా కొంచెం గర్వముండేది. పేటలో అడిగినవాళ్లకు, "మా ఆయన గాలిల మాట్లాడే పరీక్షకు చదువుతుండు" అని చెప్పుకునేది.

1938 చివర్లో దరఖాస్తు ఫారాలు రెండు వచ్చాయి. ఒక్కోదాని మీద ఇద్దరు పెద్దమనుషులు సంతకం పెట్టాలి. శాంతయ్య తనది రాసి, తండ్రి పేరు, తండ్రి వృత్తి అన్నీ నింపి, వెంకోబరావు చేతికిచ్చాడు. "నాదానికి మిల్లు మాలికు, వకీలు సాబు పెడుతుండ్రు. నీదీ పెట్టించి కలిపి పంపుత" అన్నాడాయన.

పరీక్ష జనవరిలో. శాంతయ్య సెలవు పెట్టాడు. దేవమ్మ అతని ఒక్క కోటును ఉతికి, చినిగిన మోచేతికి లోపలి నుంచి గుడ్డ వేసి కుట్టింది. వెంకోబరావు పెద్ద డబ్బాలో, శాంతయ్య మూడో తరగతిలో. గుంతకల్లులో బండి మారాల్సి వచ్చి నాలుగు గంటలు ఆగారు. ఆ నాలుగు గంటలూ వెంకోబరావు పరుపుచుట్ట మీద కూర్చుని, శాంతయ్య చేత పెట్టె మూత మీద మోర్సు కొట్టించుకొని రాస్తూనే ఉన్నాడు. తప్పు పోయినచోట శాంతయ్య మళ్లీ కొట్టాడు. విసుగన్నది లేకుండా యాభైసార్లు కొట్టాడు.

మద్రాసు ఆఫీసు వసారాలో బంట్రోతు పేర్లు పిలిచాడు. తొమ్మిది పేర్లు. వెంకోబరావు పేరు వచ్చింది, లోపలికి వెళ్లాడు. శాంతయ్య పేరు రాలేదు. పిలవడం మరిచిపోయారేమోనని శాంతయ్య ముందుకొచ్చి తన పేరు చెప్పాడు. గుమస్తా జాబితా చూశాడు, తిరగేసి మళ్లీ చూశాడు. "ఈ పేరు మీద దరఖాస్తు రాలేదు" అన్నాడు. శాంతయ్య తలుపు సందులోంచి వెంకోబరావు వంక చూశాడు. ఆయన పెన్సిలు చెక్కుకుంటూ తల ఎత్తలేదు.

తలుపు వేశారు. కాసేపటికి లోపల ఈల మొదలైంది. అందరికీ వినిపించాలని పెద్ద డొప్ప పెట్టినట్టున్నారు, వసారా దాకా స్పష్టంగా వస్తోంది. శాంతయ్య గోడకు ఆనుకొని నిలబడి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా విన్నాడు. వినకుండా ఉండాలని చూశాడు గానీ చెవులు మూసుకోవడం అతనికి చేతకాలేదు. ఒక్క మాటా పోలేదు.

మధ్యాహ్నం వెంకోబరావు నుదురు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "పర్వాలేదు శాంతయ్యా. స్టీమరు తర్వాత రెండు మాటలు జారినయి, అంతే."

"బిఫోర్ నూన్" అన్నాడు శాంతయ్య.

"ఏమంటివి?"

"స్టీమరు ఎనక వచ్చిన మాటలు దొరా. బిఫోర్ నూన్."

వెంకోబరావు ముఖం వాడిపోయింది. శాంతయ్య సామాను నెత్తికెత్తుకున్నాడు, ఇద్దరూ స్టేషనుకు వచ్చారు. ప్లాట్‌ఫారం మీద సామాను దించాక శాంతయ్య అడిగాడు. "నా కాయితం ఏం జేసినవ్ దొరా?"

వెంకోబరావు దిక్కులు చూశాడు. "సంతకానికి మాలికు ముందల పెట్టిన. నీ నాయిన వృత్తి చూసిండు. 'వీనికీ నీకూ ఒక్క పరీక్షనా, ఒక్క బెంచీ మీదనా' అని నవ్విండు. వకీలు గూడ నవ్విండు. నేనేం జెయ్యను? సొరుగుల పెట్టిన."

"మరి నన్నెందుకు తోలుకొచ్చినవ్?"

వెంకోబరావు వంగి పరుపుచుట్ట తాడు బిగించాడు. జవాబు అక్కర్లేదు. గుంతకల్లులో నాలుగు గంటలు పెట్టె మూత మీద ఎందుకు కొట్టించుకున్నాడో శాంతయ్యకు అప్పుడు తెలిసింది. దరఖాస్తు లేదని ముందే చెప్పి ఉంటే మోర్సు చెప్పే చేయి వెంట వచ్చేది కాదు.

"వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు వెంకోబరావు చివరికి.

శాంతయ్య పరుపుచుట్ట అక్కడే వదిలేసి తన డబ్బా దగ్గరికి నడిచాడు. ఇన్నేళ్లు మూటలు మోసిన వాడు ఆ రోజు ఒక్క మూట కింద పెట్టాడు. పెట్టిన తర్వాత కూడా నెత్తి తేలిక కాలేదు.

రెండు నెలలకు వెంకోబరావుకు లైసెన్సు వచ్చింది. శాంతయ్య మళ్లీ ఆ గడప తొక్కలేదు. అలాగని చదువు మానలేదు. అతని కోపమంతా అందులోకే మళ్లింది. తెలుగులో రాసుకున్న కాగితాలన్నీ దారంతో కుట్టుకొని, ధరూరు మిషన్ బడి పంతులు దగ్గర ఇంగ్లీషు డిక్షనరీ అడిగి తెచ్చుకొని, కాబిన్‌లో బండి బండికి మధ్య చదివాడు. ఈసారి ఫారం మిషన్ పాస్టరుగారి సంతకంతో, దవాఖాన డాక్టరు సంతకంతో తానే రిజిస్టరు పోస్టు చేశాడు. 1939 ఆగస్టులో మద్రాసు నుంచి జవాబొచ్చింది. అక్టోబరు పదహారో తారీఖు హాజరు కావాలని ఉంది. కవరు మీద అతని పేరు టైపు చేసి ఉంది. దేవమ్మకు చదవడం రాదు. అయినా ఆ పేరు మీద వేలు పెట్టి, "గిదే నువ్వా?" అని అడిగింది.

సెప్టెంబరులో యూరపులో లడాయి మొదలైంది. రెండో కవరు వచ్చింది. పరీక్షలు రద్దు, ఇచ్చిన లైసెన్సులు కూడా రద్దు, ఎవరి దగ్గర వైర్‌లెస్ మిషనున్నా సర్కారుకు అప్పజెప్పాలి.

వెంకోబరావు మిషనును పోలీసులు లక్కముద్ర వేసి స్టేషనుకు తెచ్చారు. బ్రేక్‌వానులోకి ఎక్కించింది శాంతయ్యే, అది అతని పని గనుక. వెంకోబరావు బండి కదిలేదాకా నిలబడి, "అయిపాయె శాంతయ్యా, అంతా అయిపాయె" అన్నాడు.

"నీకు అయిపాయె దొరా. నాకు మొదలే కాలే" అని శాంతయ్య పచ్చజెండా ఊపాడు.

లడాయికి మనుషులు కావాల్సి వచ్చారు. తారు తెలిసిన వాళ్లను ముందు తీసుకున్నారు. రామచంద్రయ్య పెద్ద జీతానికి ఫౌజు సిగ్నళ్లలోకి పోయాడు. ఆయన జాగాలో ఎవరినీ పంపలేదు. రెండు రోజులు తారు మిషను ఒంటరిగా కొట్టుకుంది. మూడో రోజు స్టేషన్ మాస్టరు కాబిన్ దాకా నడిచొచ్చాడు. "శాంతయ్యా, నీకు వస్తదట గద. జర కూసో, కొత్త బాబు వచ్చేదాక."

కొత్త బాబు ఆరేళ్లు రాలేదు. ఆ ఆరేళ్లూ శాంతయ్య ఒక పూట లీవరు లాగాడు, ఒక పూట తారు మీట కొట్టాడు. ఫౌజు స్పెషళ్లు, పెట్రోలు బండ్లు, చచ్చిన సిపాయిల ఇళ్లకు కబుర్లు, అన్నీ అతని చేతుల మీదుగానే పోయాయి. జీతం మాత్రం పాయింట్‌మన్‌దే. రిజిస్టరులో అందుకున్నవాడి సంతకం స్టేషన్ మాస్టరుది. "నీ పేరు రాస్తే నా నౌకరీ పోతది" అన్నాడాయన. ఒకసారి ఇన్‌స్పెక్టరు వచ్చి, తప్పులే లేవని ఆ రిజిస్టరును మెచ్చుకొని, మాస్టరు భుజం తట్టి పోయాడు. శాంతయ్య అప్పుడు పక్కన ఇన్‌స్పెక్టరు గొడుగు పట్టుకొని ఉన్నాడు.

నలభై మూడు, నలభై నాలుగు సంవత్సరాల్లో కృష్ణ ఒడ్డు ఊళ్లన్నీ చలిజ్వరంతో వణికాయి. శాంతయ్య రెండు నెలలు పడి లేచాడు. దవాఖానలో క్వినైను గోళీలు గుప్పెడు గుప్పెడు మింగించారు. జ్వరం తగ్గింది గానీ చెవుల్లో కీచురాయి చేరింది. పగలూ రాత్రీ సన్నగా అరుస్తూనే ఉండేది. అది పెద్ద నష్టమని అతనికి తోచలేదు. తారు మిషను ఇనప దెబ్బ బల్లను అదిరిస్తుంది, చెవికంటే ముందు మోచేతికే తెలుస్తుంది. పని ఆగలేదు గనుక అతను చెవుల సంగతి పట్టించుకోలేదు.

1946లో రామచంద్రయ్య మెడల్‌తో తిరిగొచ్చాడు. ఆ పూటే శాంతయ్య కుర్చీ ఖాళీ చేశాడు. "బాగ సంబాళించినవంట" అన్నాడు రామచంద్రయ్య. ఇదివరకటి కంటే మెత్తగానే అన్నాడు. అయినా ఆ గదిలో శాంతయ్యకు నిలబడే పని లేకపోయింది.

మరుసటి జనవరిలో మద్రాసు నుంచి ఇంకో కవరు వచ్చింది. లడాయికి ముందు దరఖాస్తు పెట్టిన వాళ్లు ఇప్పుడు పరీక్షకు రావచ్చని ఉంది. అప్పటికి శాంతయ్యకు నలభై నాలుగేళ్లు.

దేవమ్మ ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంకెందుకు? ఆ గాలి ముచ్చట్లు ఇంకా ఇడువవా?"

"ఒక్కపారి ఆ బెంచీ మీద కూసుంట. కూసోని లేస్త. గంతే" అన్నాడు.

ఒక్కడే పోయాడు. బంట్రోతు పిలిచిన పేర్లలో మూడోది అతనిది. పొద్దున రాత పరీక్ష. కాయిలు, కండెన్సరు, గాలి అలల పొడవు, ఆపదలో ఉన్న ఓడ పిలిస్తే ఏం చేయాలి, పరాయివాళ్ల కబురు ఎందుకు పంపరాదు, ఒక్కటీ వదలకుండా రాశాడు. ఇంగ్లీషు వంకరటింకరే గానీ విషయం తప్పలేదు. కాగితం ఇచ్చేటప్పుడు పైన తన పేరు రాసుకున్నాడో లేదో మరోసారి చూసుకున్నాడు.

మధ్యాహ్నం మోర్సు. అందరికీ డొప్పలు ఇచ్చారు. శాంతయ్య నిదానంగా తగిలించుకొని పెన్సిలు పట్టుకున్నాడు. దీనికి అతను భయపడలేదు. లోకంలో తనకు వచ్చిన పని ఏదైనా ఉంటే అది ఇదే.

ఈల మొదలైందనుకున్నాడు. కాదు, అది చెవిలోని కీచురాయే. తర్వాత ఈల నిజంగానే మొదలైంది. రెండూ ఒక్క సన్నదనమే, ఒక్క ఎత్తే. ఏది బయటిదో ఏది లోపలిదో విడదీయడం అతని వల్ల కాలేదు. అక్కడక్కడా ఒక అక్షరం తేలింది. మిగతా అంతా అరుపే. డొప్పలను గట్టిగా అదుముకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ముప్పై సంవత్సరాలైనా లేని పక్క కుర్రవాడు ఆపకుండా రాసుకుపోతున్నాడు. అయిదు నిమిషాలయ్యాక ఈల ఆగింది. శాంతయ్య చెవిలో మాత్రం ఆగలేదు. అతని కాగితం మీద పదకొండు అక్షరాలున్నాయి.

పరీక్ష పెట్టే ఆయన వయసుమళ్లిన మనిషి, మంచివాడిలాగే ఉన్నాడు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, "మీది రాత పేపరు బాగుంది. మోర్సే సాధన చేయలేదు. కొత్తగా మొదలుపెట్టిన వాళ్లందరికీ ఇట్లనే అవుతుంది. ఆర్నెల్లు బాగా ప్రాక్టీసు చేసి రండి" అన్నాడు.

శాంతయ్య నోరు తెరిచాడు. కిటికీ కింద పన్నెండేళ్లు, మిల్లు గడప, వసారాలో ఒక్కటీ పోకుండా విన్న మాటలు, ఆరేళ్ల తారు రిజిస్టరు, అన్నీ ఒక్కసారే గొంతులోకి వచ్చాయి. ఏ ఒక్కదానికీ కాగితం మీద అతని సంతకం లేదు. "సరే సార్" అని లేచాడు.

ఇంటికొచ్చేసరికి దేవమ్మ చేట పట్టుకొని వాకిట్లో ఉంది. "ఏమాయె?"

"చదివింది నెగ్గిన. చెవులే ఓడినయి."

ఆమెకు అర్థం కాలేదు. కీచురాయి సంగతి చెప్పాక చేట పక్కన పెట్టి అతని తలను రెండు చేతులతో తనవైపు తిప్పుకొని, చెవి దగ్గర ఏదో మెల్లగా అంది. ఆ మాట అతనికి వినిపించలేదు. ఏమన్నావని అడిగితే, "ఏం లే, బువ్వ తిను" అంది.

ఆదివారం పాస్టరుగారు, ఒక పేపరైనా పాసయ్యాడు గనుక సంఘంలో కృతజ్ఞతా ప్రార్థన పెడదామన్నారు. "సగం పాసుకు దేవుని పరేషాన్ చెయ్యకుండ్రి అయ్యా. నాకు వినొచ్చిన నాడు వినేటోళ్లు లేకపాయిరి" అన్నాడు శాంతయ్య.

ఆ తర్వాత శాంతయ్య పాయింట్‌మన్‌గానే తొమ్మిదేళ్లు పనిచేశాడు. చెవులు ఇంకా మందగించాక బండి కూతను నమ్ముకోవడం మానేసి పట్టా మీద అరచేయి ఆనించి చూసేవాడు. పరీక్ష అయిన నెలకు మద్రాసు నుంచి ఫలితం కాగితం వచ్చిన రోజున దాన్ని విప్పకుండానే జేబులో పెట్టుకొని, రాయచూరు గూడ్సుకు పాయింటు వేయడానికి లీవరు దగ్గరికి నడిచాడు.